అమ్మవారి కొంగులో గుహ

ఆ రోజుల్లో మా వాడలో ఆట అంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి, కింద ఏదో ఒకటి గీసి ఉండాలి. చింతగింజలో గవ్వలో, లేదంటే అరుగు మీద బొగ్గుతో గీసిన పచ్చీసు గళ్ళో. ఏమీ లేనిచోట నలుగురు గుండ్రంగా కూర్చుని ‘ఇప్పుడు మనం గుహ ముందున్నం’ అనుకుంటే అది పిచ్చి అయినా కావాలి, హరికథ అయినా కావాలి. ఆ రెండింటికీ నడుమ ఇంకొకటి ఉందని తొంభైల మొదట్లో ఒక వానాకాలం భగవంతుడు నాకు చూపించాడు. అప్పుడు నాకు పంతొమ్మిదో ఏడు. ఆయన ఏదీ నేరుగా చూపించడు కదా. మా పోచంపల్లి ఇంట్లో, ఆసు గదిలో, మా పెదనాయన కొడుకు భుజాన వేసుకొచ్చిన సంచిలోంచి తీసి చూపించాడు. ఇన్నేళ్ళ తర్వాత తలుచుకున్నా ఒళ్ళు జలదరిస్తుంది, ఆ వెంటనే నవ్వొస్తుంది. రెండూ ఒక్కసారే వచ్చే జ్ఞాపకాలు మనిషికి ఎక్కువ ఉండవు. నాకు ఒకటి దొరికినందుకు ఆయనకు దండం.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఆయాసం పట్టుకుంటే వదిలేది కాదు, బడిలో పలక తుడిచిన దుమ్ముకే ఎగశ్వాస వచ్చేది. అందుకని మా మేనత్తే నాకు బడి అయింది. ఆమె చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చి, మాతోనే ఉండిపోయిన మనిషి. అక్షరాలు భజనల నోటుబుక్కులో నేర్పింది, అంకెలు చీర డిజైన్ల కాగితాల మీద నేర్పింది. అందుకే నాకు దేవుడి పేరు రాయడం నా పేరు రాయడం కంటే ముందు వచ్చింది, గళ్ళు లెక్కపెట్టడం మనుషుల్ని లెక్కపెట్టడం కంటే బాగా వచ్చింది. (మనుషులు కదులుతారు, గళ్ళు కదలవు.)

ఆసు గది మా ఇంట్లో అన్నిటికంటే పెద్దది. ఆసు అంటే అర్ధచంద్రంలా మేకులు కొట్టిన చట్రం. దాని మీద పట్టు పోగును అటూ ఇటూ తిప్పుతూ పోయాలి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు వెళ్ళి రావాలి. పోసిన పోగును గళ్ళ కాగితం మీది డిజైన్ ప్రకారం గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు పీలికలతో బిగించి కట్టాలి. దాన్నే చిటికీ కట్టడం అంటాం. కట్టినదాన్ని రంగులో ముంచి, కట్లు విప్పి, కండెలకు చుట్టి ఇస్తే మా బాపు, అంటే నాన్న, మగ్గం మీద నేస్తాడు. అప్పుడు గాని కాగితం మీది బొమ్మ బట్ట మీద లేవదు. డిజైన్ బాపు గీసేవాడు, లేదంటే అత్త గీసేది. గీసిన కాగితం మడత పడకుండా రెండు పలకల మధ్య పెట్టేవాళ్ళు. ఆ కట్టలో పైన ఏ కాగితం ఉంటే అదే తర్వాతి పని. ఎవరు గీశారని అడగడం మా ఇంట్లో లేదు. అడిగితే మెచ్చుకోవలసి వస్తుందని అక్కాతమ్ముళ్ళిద్దరికీ భయం.

ఆ వానాకాలం పరీక్షలు వాయిదా పడి ఆ పెదనాయన కొడుకు, మా హాస్టల్ అన్న, పట్నం నుంచి వచ్చి దిగాడు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు, మగ్గం వైపు చూస్తే ఎక్కడ చదువు పోతుందోనని వాళ్ళ నాయన చిన్నప్పటి నుంచీ మొహం పక్కకు తిప్పి పెంచాడు. వాళ్ళ ఇల్లు ఇరుకని పగలంతా మా ఇంట్లోనే ఉండేవాడు. సంచిలోంచి ఒక లావుపాటి జిరాక్సు పుస్తకం తీశాడు, ఒక చిన్న మూట తీశాడు. మూట విప్పితే పాచికలు! మన పాచికల్లా కావు. ఒకటి నాలుగు మొహాలది, ఒకటి ఎనిమిది, ఒకటి పన్నెండు, ఒకటి ఏకంగా ఇరవై మొహాలది. పది తలల రావణుడికే మేము దడుచుకునే వాళ్ళం, ఇరవై మొహాల వస్తువు అరచేతిలో దొర్లుతుంటే నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

ఇద్దరు దోస్తులను పోగుచేశాడు. ఒకరు బజార్లో రంగుల దుకాణం వాళ్ళ అబ్బాయి, మేమంతా రంగుల భాయి అనేవాళ్ళం. ఇంకొకరు దవాఖాన కాంపౌండర్ కొడుకు. మధ్యాహ్నం అన్నాలు కాగానే ముగ్గురూ నా ఆసు గదిలో చాప పరిచేవాళ్ళు. అన్న కథ నడిపేవాడు. మిగిలిన ఇద్దరూ చెరొక మనిషి అయ్యేవాళ్ళు: భాయి కత్తి వీరుడు, కాంపౌండర్ కొడుకు విల్లు వీరుడు. ‘మీ ముందట గుహ ఉన్నది, లోపలికెల్లి చల్లగాలి వస్తాంది, ఏం చేస్తరు?’ అని అన్న అడిగేవాడు. వాళ్ళేం చేస్తామంటే అది చేసినట్టే. దూకగలరా, తలుపు విరగ్గొట్టగలరా అన్నది పాచిక చెప్పాలి. అంతే ఆట. గెలిచేవాడు లేడు, ఓడేవాడు లేడు, కథ ఎటు పోతే అటు పోవడమే.

మూలన ఆసు పోస్తూ నేను వినేదాన్ని. ఏమని చెప్పను! చెయ్యి మేకుల మీద తిరుగుతూనే ఉండేది, నేను మాత్రం గుహలో ఉండేదాన్ని. ఆ తడి వాసన నాకు తెలిసేది. గబ్బిలాలు లేస్తే తల వంచేదాన్ని. ఉత్త మాటల్లోంచి ఇంత పెద్ద గుహ ఎట్లా లేచిందా అని, ఆ మాట్లాడేవాడు నిన్న నా చేతి చాయలో చక్కెర తక్కువైందని అలిగిన మా అన్నేనా అని, ఆశ్చర్యంతో చెయ్యి ఆగిపోయేది.

‘పిల్లా, ఆసు ఆగింది’ అనేది వంటింట్లోంచి అత్త. ఆమె కళ్ళతో చూడనక్కర్లేదు, చప్పుడుతోనే పట్టేది.

నాకు ఆ చాప మీద జాగా కావాలి. జీవితంలో నేను దేవుణ్ణి అడిగిన కోరికలు తక్కువ. ఆయాసం తగ్గించమన్నాను, అది కొంత తగ్గించాడు. రెండోది ఇదే. చాప అంచున కూర్చుని, ఒక మనిషినై, ఆ గుహలోకి వెళ్ళాలి. ఒకరోజు చాయ ఇస్తూ ధైర్యం చేసి అడిగాను. అన్న నవ్వలేదు, కోప్పడనూ లేదు. పుస్తకం మీద చెయ్యేసి చాలా గంభీరంగా చెప్పాడు: ‘చెల్లే, నాదేం లేదు. ఆడపిల్లలు ఆడొద్దని పుస్తకంలనే రాసున్నది.’ నేను వెంటనే నమ్మాను. అచ్చులో ఉన్నదాన్ని శంకించడం నాకు రాదు. అది ఇంగ్లీషు పుస్తకం, నాకు ఒక్క అక్షరం రాదు. అయినా ఆ పుస్తకాన్ని కళ్ళకద్దుకుని వెళ్ళి ఆసు ముందు కూర్చున్నాను. (వద్దన్న పుస్తకానికి కూడా దండం పెట్టిన మనిషిని నేనొక్కదాన్నేనేమో.)

నా వకీలును దేవుడు వారం తర్వాత పంపాడు. కాంపౌండర్ కొడుకు వీరుడు గుహలో ఒక గుంతలో పడ్డాడు. ఎంతకీ పైకి లాగరేమని అలిగి, అతను నిజంగానే ఇంటికి వెళ్ళిపోయాడు. ఒక్కడితో ఆట నడవక అన్న తల పట్టుకున్నాడు. అదే సమయానికి రంగుల భాయి అక్క, మేమంతా ఆపా అనే ఆమె, తమ్ముణ్ణి దుకాణానికి పిలుచుకు పోవడానికి వచ్చింది. ఆమె ఇంటరు వరకు చదివిన మనిషి. వాడలో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా ఆమె దగ్గరికే వెళ్ళేది.

‘మీ చెల్లెను కూసోబెట్టరాదు? రోజూ చెవులు నిక్కబెట్టి వింటనే ఉంటది’ అన్నాడు భాయి.

‘ఆడోళ్ళు ఆడొద్దని పుస్తకంల ఉన్నది’ అన్నాడు అన్న, అలవాటుగా.

‘ఏ పేజీల?’ అంది ఆపా.

‘ఆఁ?’

‘ఏ పేజీల ఉన్నదో జర చూపియ్యి.’

‘పుస్తకం లావుగున్నది ఆపా, ఎక్కడనో ఉన్నది.’

‘ఫికర్ చెయ్యకు, నేను దేవులాడుత.’ అని ఆమె గుమ్మం దగ్గర కూర్చుని మొదటి పేజీ తెరిచింది. దుకాణం సంగతి మరిచిపోయింది. ఎండ గుమ్మంలోంచి గోడ మీదికి ఎక్కింది. అత్త రెండుసార్లు చాయ పంపింది. అన్న గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. చివరికి ఆపా పుస్తకం మూసి, కళ్ళద్దాలు తుడుచుకుని, తీర్పు చెప్పింది: ‘కంచరగాడిదకు కిరాయి ఎంత రాసున్నది. తాడు ఎన్ని గజాలుంటే ఎంత బరువు రాసున్నది. ఆడోళ్ళు ఆడొద్దని యాడా లేదు. గది నువ్వు రాసినవా భయ్యా?’

నేను ఆపా మొహం వైపు చూస్తూ ఉండిపోయాను. అంత లావు పుస్తకాన్ని ఒక ఆడమనిషి కూర్చుని చదివేసి, అందులో లేనిదాన్ని లేదని చెప్పడం! నా వరకు గుహలు, వీరులు అన్నిటికంటే పెద్ద అద్భుతం అది.

అన్న తగ్గాడు, కానీ పూర్తిగా తగ్గలేదు. ‘సరే, కూసో. కానీ వీరులు ఇద్దరే. నువ్వు కాగడా పట్టేదానివి. కత్తి లేదు, మంత్రం లేదు. వాళ్ళ ఎనకాల నడవాలె. ఇంకో పని, నేను చెప్తుంటె దారి పటం గియ్యాలె, నీకు గళ్ళు గీసుడు వచ్చు గద.’ అంటే ఇంట్లో ఏ పని చేస్తానో గుహలోనూ అదే పని: దీపం పట్టడం, లెక్క పెట్టడం. కానీ నాకు అదేం తక్కువ అనిపించలేదు. చాప అంచున జాగా దొరికింది. ఆ రాత్రి దేవుడి ముందు ఒక ఒత్తి ఎక్కువ వెలిగించాను.

మరునాడు కాంపౌండర్ కొడుకూ అలక తీరి వచ్చాడు, అందరం కలిసి వాణ్ణి గుంతలోంచి లాగాం. ఇక ఆటలో నా తెలివి చూడండి. గుహ గుమ్మం దగ్గర అన్న ‘లోపలికి పోతున్నరా?’ అంటే, నేను ‘చెప్పులు బయట ఇడిసి పోతున్న’ అన్నాను. అంత పాత గుహలో ఏదో ఒక దేవుడు ఉండకపోడు కదా! అన్న పాచిక వేసి, నా కాలికి ముల్లు దిగిందన్నాడు. తలుపు తెరుచుకుంటే తలుపుకు దండం పెట్టాను. దారి చూపించిన అస్థిపంజరానికి ‘నీ కడుపు సల్లగుండ’ అన్నాను. భాయి నేల మీద పడి నవ్వాడు. ‘దానికి కడుపు యాడున్నది చెల్లే!’ పాచిక వేసేముందు కళ్ళకద్దుకోకుండా ఒక్కసారీ వేయలేదు. మొదట్లో ఎగతాళి చేసిన కాంపౌండర్ కొడుకు, మూడో రోజుకు తన పాచిక కూడా నా చేతికిచ్చి, ‘జర నువ్వే మొక్కి ఇయ్యి’ అనడం మొదలుపెట్టాడు.

నాలుగో రోజు జరిగింది అసలు సంగతి. అన్న ఒడిలో నోటుబుక్కు పెట్టుకుని చెబుతున్నాడు: ‘ముందుకు పన్నెండు గళ్ళు. అక్కడ దారి కుడి దిక్కు తిరుగుతది. మూడు గళ్ళు పోతే…’ నేను గీస్తున్నాను. కళ్ళు అన్న మొహం మీద, మనసు కాగడా వెలుతురులో. చెయ్యి దాని మానాన అది గీసుకుంటూ పోతోంది. ఉన్నట్టుండి అన్న మాట ఆగింది. వంగి నా కాగితం లాక్కున్నాడు. చూసి తెల్లబోయాడు.

మూడు గళ్ళ తర్వాత ఏముందో అన్న ఇంకా చెప్పనే లేదు. నేను మాత్రం ఆ మలుపు దాటి ఎనిమిది మూలల గది గీశాను, దాని వెనక మెట్లు గీశాను, మెట్ల కింద రెండు దారులు గీసి, ఎడమదాన్ని నల్లగా నింపుతున్నాను.

‘నా నోటుబుక్కు చూసినవ్’ అన్నాడు అన్న. గొంతు మారిపోయింది.

‘లేదన్నా.’

‘చూడకపోతే గిదెట్ల ఎరికైంది? ఎనిమిది మూలల గది నేను ఎవ్వలకన్న చెప్పిన్నా?’

‘దేవుని తోడు, చూడలే.’

‘పూజలు, దండాలు… లోపల గిదా సంగతి! దొంగసూపు సూసెటోళ్ళకు ఈ ఆటల జాగా లేదు. లే చాప మీదికెల్లి.’

లేచాను. నేను చూడలేదు, అది ముమ్మాటికీ నిజం. కానీ గీసిందీ నేనే, అదీ నిజమే. ఎవరో చెప్పినట్టు నా చేతికి ఎట్లా తెలిసింది? నాకే భయం వేసింది. ఆపా లేదు ఆ రోజు, నా తరఫున వాదించేవాళ్ళు లేరు. భాయి తల గోక్కుంటూ, ‘అరే, చెల్లె అబద్ధమాడదు గద’ అన్నాడు గానీ, అతని మొహంలోనూ అనుమానం ఉంది. నేను నా కుడిచెయ్యి వైపు చూసుకున్నాను. వేళ్ళ కొసలకు రబ్బరు పీలికల గుర్తులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. ఎనిమిది మూలల గది. వెనక మెట్లు. పదకొండు రోజులపాటు పొద్దున్నే కూర్చుని…

‘అన్నా’ అన్నాను, ‘నీ గుహ బొమ్మ ఇంకోటి గీసి యాడనన్న పెట్టినవా?’

పెట్టాడు. పట్నంలో దోస్తులకు చూపిద్దామని, బాపు గళ్ళ కాగితం తీసుకుని, బాపు ఎర్ర పెన్సిలు, నల్ల పెన్సిలు తీసుకుని, గుహను అందంగా గీశాడు. మడత పడకుండా ఉంటుందని పలకల మధ్య కట్టలో పెట్టాడు. అదీ అన్నిటికంటే పైన! ఇక చెప్పేదేముంది. పైన ఉన్నదే పని. అత్త ఆ కాగితం చూసి తమ్ముడు గీశాడనుకుంది. నాకిచ్చింది. పొద్దున్న పూట నా చేతులు ఆ గుహను గడి గడికీ కట్టాయి, మధ్యాహ్నం పూట నా చెవులు అదే గుహను విన్నాయి. చేతుల గుహా చెవుల గుహా ఒకటేనని నడుమనున్న బుద్ధికి మాత్రం తట్టలేదు.

అప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ కట్టింది మామూలు చీరకు కాదు. ఏటా ఆషాఢంలో బోనాల నాడు ఎల్లమ్మ తల్లికి మా ఇంటి మగ్గం మీద నేసిన చీర పెట్టడం మా తాతల నాటి మొక్కు. నేను చిటికీ కట్టింది ఆ చీర కొంగుకు. దానికి రంగులయ్యాయి, కండెలయ్యాయి, బాపు రెండు రోజులుగా నేస్తూనే ఉన్నాడు.

నిజం చెబితే దొంగను కానని తేలుతుంది. కానీ అమ్మవారి చీర పాడైందనీ తేలుతుంది, అదీ నా చేతుల మీదుగా. చెప్పకపోతే చీర గుడికి వెళ్ళిపోతుంది, ఎవరికీ తెలియదు, నేను మాత్రం ఆ చాప మీద మళ్ళీ కూర్చోలేను. పంతొమ్మిదేళ్ళ పిల్లకు అది చిన్న సంగతి కాదు. అమ్మవారి దగ్గర దాపరికం ఎట్లా? ఆమె కట్టుకోబోయే చీర కదా, ఆమెకు తెలియదా? ‘రాండ్రి’ అని అందర్నీ తీసుకుని మగ్గం దగ్గరికి వెళ్ళాను.

బాపు నేయడం ఆపి మమ్మల్ని చూశాడు. సగం కొంగు నేయడం అయింది. ఎర్రటి పట్టు మీద గుహ లేచి ఉంది. చిటికీ రంగు అంచుల దగ్గర కొంచెం పాకుతుంది కదా, అందుకని గోడలు నిజంగా ఊపిరి పీలుస్తున్నట్టున్నాయి. అన్న నోరు తెరిచాడు, మూయలేదు. పుట్టి బుద్ధెరిగాక అతను మగ్గం వైపు సూటిగా చూడటం అదే మొదలు.

‘కాకా… గిది… నా గుహ’ అన్నాడు బాపుతో.

బాపు అర్థం కాక అత్త వైపు చూశాడు. ‘అక్కా, డిజైన్ నువ్వు గియ్యలేదా?’

‘నువ్వు గీసినవనుకున్న తమ్మీ.’

‘నేనా? నేను రెండొద్దుల సంది నిన్ను మెచ్చుకోవాలె అనుకుంట నేస్తున్న!’

‘మెచ్చుకోకపోయినవ్ మరి’ అంది అత్త.

బాపుకు అంతా చెప్పాం. ఆయన కోప్పడతాడనుకున్నాను. ఆయన కొంగు మీద వేలు పెట్టి, ‘గిదేంది?’ అన్నాడు. అన్న చెప్పాడు. ‘మరి గిది?’ అదీ చెప్పాడు. గుమ్మం నుంచి మొదలుపెట్టి, ఎనిమిది మూలల గది దాటి, నేసినంత మేరా బాపు వేలితో గుహలో నడిచాడు. నేత ఆగిన చోట ఆగి, ‘ఇంకా లోపట ఎవలున్నరు?’ అని అడిగాడు.

అన్న మెల్లగా అన్నాడు: ‘రాక్షసుడు.’

‘అమ్మవారి కొంగుల రాక్షసుడా!’ అన్నాడు బాపు.

అప్పుడు అత్త నెమ్మదిగా అంది: ‘అమ్మ కాలి కింద రాక్షసుడు ఉండనే ఉండె గద తమ్మీ. కొంగుల ఇంకొకడుంటె ఏమాయె. కాకపోతె కాలి కిందోడు ఓడిపోయినోడు. వీడి సంగతి ఇంకా తేలలె.’

దానికి బాపు చెప్పిన మాట మా వాడలో ఇంతకుముందు ఎవరూ చెప్పి ఉండరు: ‘అయితె ఆట ఆడుండ్రి. వాని సంగతి తేల్చుండ్రి. తేలినంక మిగతాది నేస్త.’

మరునాటి మధ్యాహ్నం ఆసు గదిలో జరిగిన ఆటను నేను వర్ణించలేను. అత్త గది కడిగి ముగ్గేసింది. ఆపా వచ్చింది, పుస్తకం ఆమె ఒడిలోనే ఉంది. బాపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అన్న మొహం పెళ్ళిపీటల మీది పెళ్ళికొడుకు మొహంలా చెమట పట్టింది. నన్ను చాప మీద కూర్చోమని ఎవరూ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. నా పాత అంచునే కూర్చున్నాను. దారి అందరికీ తెలిసిపోయింది కనుక గుహ చివరి గదికి ఇట్టే చేరాం. అక్కడున్నాడు రాక్షసుడు. భాయి కత్తి దూశాడు, పాచిక దొర్లింది, కత్తి విరిగింది. కాంపౌండర్ కొడుకు బాణం వేశాడు, తాడు తెగింది. ఇద్దరూ స్పృహ తప్పారు. చేతిలో కాగడాతో నేనొక్కదాన్నే మిగిలాను.

‘నీకు కత్తి లేదు గద. ఉరుకుతవా?’ అన్నాడు అన్న.

‘మాట్లాడుత’ అన్నాను.

‘రాక్షసునితోని ఏం మాట్లాడుతవే!’

‘పుస్తకంల వద్దని ఉన్నదా?’ అంది ఆపా, పేజీలు తిప్పబోతూ.

‘మాట్లాడనియ్యిరా’ అన్నాడు బాపు.

నేను రాక్షసుడి వైపు తిరిగాను, అంటే అన్న వైపు. అన్నే రాక్షసుడు కదా. నా నోటికి వచ్చింది మా ఊళ్ళో ఎవరు ఎదురైనా అడిగే మాటే. ‘తిన్నవా అయ్యా?’

అన్న బిత్తరపోయాడు. రాక్షసుడు అంతకంటే బిత్తరపోయాడు. ‘తి… తినలే’ అన్నాడు.

‘ఎన్నొద్దులాయె?’

‘యాదికి లేదు.’

‘ఎవలు కూసోబెట్టిండ్రు నిన్ను గీడ?’

అన్న పుస్తకంలో వెతకలేదు. కొంగు మీద ఇంకా నేయని ఆ చివరి గదిని చూస్తున్నట్టు నేలకేసి చూశాడు. తర్వాత వచ్చిన గొంతు మా అన్నది కాదు. ‘ఎవలో చిన్నప్పుడు కూసోబెట్టి పోయిండ్రు. కావలుండుమన్నరు. అటు ఇటు చూడొద్దన్నరు. దేనికి కావలో చెప్పలె.’

అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను అడిగాను: ‘మాతోని బయటికి వస్తవా?’

‘వచ్చి ఏం చెయ్యాలె? నాకు కావలుండుడు తప్ప ఏం రాదు.’

గోడ దగ్గరి నుంచి బాపు ముందుకు జరిగాడు. ఆయనకు తెలియకుండానే చాప మీదికి వచ్చేశాడు. ‘కావలికి అమ్మ గుడి ఉన్నది. ఆమె కొంగుకు కావలుంటవా? దేనికో ఎరికె ఉంటది అప్పుడు.’

అన్న ఇరవై మొహాల పాచికను నా చేతిలో పెట్టాడు. ‘ఒప్పుకుంటడో లేదో ఇది చెప్పాలె. పెద్ద అంకె పడాలె’ అన్నాడు. కళ్ళకద్దుకున్నాను. తల్లీ, ఇది నా చాప జాగా కోసం కాదు, వాడి కోసం అనుకున్నాను. (కొంచెం నా జాగా కోసం కూడా. ఆమెకు అబద్ధం చెప్పలేను.) వేశాను. పాచిక దొర్లి దొర్లి అన్న మోకాలి దగ్గర ఆగింది. ఎవరూ వంగి చూసేలోపల అన్న దాని మీద అరచెయ్యి మూశాడు. తీసి గుప్పిట పట్టాడు. నా కళ్ళలోకి చూసి, ‘ఒప్పుకున్నడు’ అన్నాడు.

ఎంత పడిందని నేను ఇప్పటివరకు అడగలేదు. ఆ మాట పాచికది కాదని, మా అన్నదని నాకు తెలుసు. అడిగి ఆ దయను లెక్కకట్టడం నాకిష్టం లేదు.

బాపు ఆ సాయంత్రమే మగ్గం ఎక్కి మిగతా కొంగు నేశాడు. బోనాల నాడు ఎల్లమ్మ తల్లికి ఆ చీర కట్టారు. మడతల్లో, దండల్లో గుహ చాలా వరకు దాగిపోయింది, భుజం మీద చివరి గది ఒక్కటే కనబడుతోంది. డప్పుల మధ్య నిలబడి నేనూ ఆపా ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. ‘మంచిగ కావలున్నడు’ అని ఆపా నా చెవిలో అంది. పక్కనున్న ముసలావిడ ఒకామె, ఈ ఏడు కొత్త డిజైన్ ఎవరిదని అడిగింది. బాపు అన్న భుజం మీద చెయ్యి వేసి, ‘మా ఇంటి పిలగానిది, కట్టింది మా బిడ్డ’ అన్నాడు. మెచ్చుకోవడం మా ఇంట్లో ఆ రోజు నుంచి మొదలైంది.

ఆ తర్వాత అన్న పరీక్షలకు వెళ్తూ పుస్తకం ఆపాకూ, పాచికలు నాకూ ఇచ్చి పోయాడు. ఆపా చదివి చెప్పేది, నేను కథ నడిపేదాన్ని. అత్త మంత్రగత్తె అయింది. ఎన్ని మంత్రాలున్నా ఆమె చేసేది ఒక్కటే, కనబడిన వాళ్ళందరికీ అన్నం వండిపెట్టడం. రెండు మూడేళ్ళు ఆడాం, ఆసు ఆగకుండానే ఆడాం. ఆపాకు మిర్యాలగూడలో పెళ్ళయింది, అత్త దేవుడి దగ్గరికి వెళ్ళింది, చాప చుట్టేశాం. నేనిప్పుడు నలుగురి ముందు నిలబడి నోరు విప్పాలంటే మంచినీళ్ళు అడిగే మనిషిని. బ్యాంకులో మేనేజరు కుర్చీ చూపిస్తే కూర్చోవడానికి జంకుతాను. అలాంటప్పుడల్లా ఆ పిల్ల గుర్తొస్తుంది, కత్తి లేదు, చెప్పులు లేవు, కాగడా ఒక్కటి పట్టుకుని, ఇద్దరు వీరులు పడిపోయిన చోట నిలబడి ‘తిన్నవా అయ్యా’ అని అడిగిన పిల్ల. ఆమె నేనేనంటే నాకే నమ్మకం కుదరదు. ఎప్పుడైనా ఎదురుపడితే ‘నువ్వు’ అనడానికి నోరు రాదు. లేచి నిలబడి ‘మీరు కూర్చోండమ్మా’ అంటానేమో.